ఆ శనివారం ట్రామ్ నడవలేదు

జెర్సీ సిటీలో రైలెక్కి, నది కింది సొరంగం దాటి, మాన్‌హాటన్‌లో ఆఫీసుకి దిగేలోగా నేను రోజూ డబ్లిన్ వార్తలు చదువుతాను. మా ఆయన దీన్నొక జబ్బంటారు. ఉండేది అమెరికాలో, చదివేది ఐర్లండ్ సంగతులు. కానీ ఇక్కడికి రాకముందు మేమిద్దరం ఆ నగరంలో నాలుగేళ్లున్నాం. అక్కడి వార్తలు పెద్దవేమీ కావు. ఫలానా వీధిలో నీళ్ల పైపు పగిలింది. కాలువ గట్టున గుడారాలు వేసుకున్నవాళ్లను మళ్లీ లేపేశారు. ఒక అద్దె ఇల్లు చూడ్డానికి వచ్చిన జనం వీధి మలుపు దాకా వరసలో నిలబడ్డారు. సీగల్ పక్షులు పిల్లల చేతుల్లోంచి శాండ్‌విచ్‌లు ఎత్తుకుపోతున్నాయి. ఇలాంటివే. అవి చదువుతుంటే నాకు ఆ వీధులన్నీ కళ్ల ముందు తిరుగుతాయి.

పైగా ఆ ఊళ్లో నా చెల్లెలుంది.

నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. తనను అక్కడికి రమ్మన్నది నేనే. "బస్సు దిగేటప్పుడు ప్రతి ఒక్కళ్లూ డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి దిగుతారే, అంత మంచి ఊరు" అని ఫోన్లో ఊరించింది నేనే. తను వచ్చిన ఏడాదికే మేం అమెరికా వచ్చేశాం. తర్వాత చెల్లెలికి పెళ్లయింది. మరిది కూడా డబ్లిన్ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. ఇంటి నుంచే పని. మాట మెత్తగా ఉంటుంది. పెళ్లిలో పెద్దవాళ్లందరికీ మంచినీళ్లు అందిస్తూ తిరిగిన పెళ్లికొడుకుగా మా చుట్టాల్లో అతనికి మంచి పేరు.

ఆ వేసవిలో డబ్లిన్ వార్తలు మారిపోయాయి. మనవాళ్లను వీధుల్లో కొడుతున్నారన్న వార్తలు వారానికొకటి రావడం మొదలైంది. ఎవరో బస్టాప్‌లో నిలబడి ఉంటే, ఎవరో టాక్సీ నడుపుతూ ఉంటే. అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో నేనింకా ఉన్నాను. అందులో పొద్దస్తమానం హెచ్చరికలే. చీకటి పడ్డాక బయటికి వెళ్లొద్దు, వీధిలో ఫోన్లో తెలుగు మాట్లాడొద్దు, హుడీ వేసుకున్న కుర్రాళ్లు గుంపుగా కనిపిస్తే రోడ్డు దాటేయండి. నేను ఇక్కడ రైల్లో కూర్చుని అవన్నీ చదివేదాన్ని. ఎదురుగా ఐరిష్‌వాళ్లలా ఎర్రజుట్టున్న మనిషెవరైనా కూర్చుంటే అనుమానంగా చూసేదాన్ని. ఆ మనిషి ఏ దేశపువాడో నాకు తెలియదు. అయినా చూసేదాన్ని.

ప్రతి ఆదివారం పొద్దున చెల్లెలు వీడియో కాల్ చేస్తుంది. ఒక ఆదివారం తన కాల్ రాలేదు. నేను చేస్తే ఫోన్ స్విచాఫ్. మరిది నంబరుకి చేశాను. అతను వీడియో ఆన్ చెయ్యకుండా ఎత్తాడు.

"వదిన గారూ, మీరు టెన్షన్ పడొద్దండి. ఇప్పుడంతా ఓకే. నిన్న సాయంత్రం చిన్న ఇన్సిడెంట్ అయింది."

చెల్లెలు షాపింగ్ చేసుకుని ట్రామ్‌లో వచ్చి, ఇంటి దగ్గరి స్టాప్‌లో దిగిందట. వెనకాలే నలుగురు కుర్రాళ్లు దిగారట. మీ దేశం పో అని అరిచి, సంచీ లాగి, కింద పడేశారట. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. చెంప వాచింది. ఫోన్ పగిలిపోయింది.

"చెల్లికివ్వండి" అన్నాను.

"అక్కా, నేను బానే ఉన్నా" అంది చెల్లెలు. ఎవరో రాసిచ్చింది చదివినట్టుంది ఆ గొంతు. "నిద్రొస్తోంది. తర్వాత మాట్లాడదాం."

"పోలీస్ కంప్లైంట్ ఇచ్చారా?" అని మరిదిని అడిగాను.

"ఏం యూజ్ వదిన గారూ? మైనర్లని వదిలేస్తారు. రేపు వాళ్లే ఇల్లు కనుక్కుని వస్తే? మేం ఇక్కడే బతకాలి కదండీ."

గ్రూప్‌లో అందరూ అనే మాటే అది. నాకు సబబుగానే తోచింది. ఫోన్ పెట్టేసి, ఏడుస్తూనే గ్రూప్‌లో రాసేశాను. నిన్న మా చెల్లెలి చెయ్యి విరగ్గొట్టారు, ఇంకెన్నాళ్లు ఊరుకుందాం అని. ఏరియా పేరు, స్టాప్ పేరు అన్నీ రాశాను. గంటలో మెసేజ్‌లు వెల్లువెత్తాయి. ఒకాయన సంతకాల సేకరణ పెడదామన్నాడు. ఒకావిడ చెల్లెలికి వంట చేసి పంపిస్తానంది. నాకు కొంత ధైర్యం వచ్చింది. ఏదో చేశానన్న తృప్తి కూడా. దాన్ని ఇప్పుడు ఒప్పుకోవాలి.

మేముండేది పాత ఇటుక బిల్డింగ్. మా అంతస్తులోనే చివరి అపార్ట్‌మెంట్‌లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. పుట్టి పెరిగింది డబ్లిన్‌లో. ఇరవై రెండో ఏట ఇక్కడికొచ్చి, ఒక స్కూల్ క్యాంటీన్‌లో పనిచేసి రిటైరైంది. మేం ఆ ఊళ్లో ఉండొచ్చామని తెలిసిన రోజున, ఏ వీధి, ఆ వీధిలో ఏ వైపు, ఎదురుగా రొట్టెల కొట్టు ఇంకా ఉందా అని లిఫ్ట్ తలుపు పట్టుకుని మరీ అడిగింది. ఆవిడ టీ డికాక్షన్ నల్లగా దిగేదాకా మరిగించి చిక్కటి పాలు పోసి ఇస్తుంది. అమెరికాలో నాకు సరైన టీ దొరికే పరాయి ఇల్లు అదొక్కటే. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ సోమవారం సాయంత్రం బేస్‌మెంట్‌లోని లాండ్రీ రూమ్‌లో ఆవిడ కనిపించింది. తువ్వాళ్లు మడత పెట్టుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేదు.

"మీ ఊరి పిల్లలు మా చెల్లెలి చెయ్యి విరగ్గొట్టారు" అన్నాను.

ఆవిడ చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది. జరిగిందంతా చెప్పాను, గొంతు పెంచే చెప్పాను. చివరిదాకా విని, "నీకిదంతా చెప్పిందెవరు?" అని అడిగింది.

"మా మరిది."

"మీ చెల్లెలు చెప్పలేదా?"

"తనకు నొప్పిగా ఉంది. మాట్లాడలేకపోయింది."

"నీతో ఆ రెండు ముక్కలు మాట్లాడినప్పుడు పక్కన ఎవరున్నారు?"

ఆ ప్రశ్న ఎటు పోతోందో నాకు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. "మీవాళ్లను వెనకేసుకు రావడానికి మావాళ్ల మీద నింద వేస్తారా?" అన్నాను.

"మావాళ్లు మంచివాళ్లని నేననలేదమ్మా. వాళ్ల సంగతి నీకంటే నాకే బాగా తెలుసు. అడిగానంతే."

మెషీన్‌లో బట్టలు అలాగే వదిలేసి పైకి వచ్చేశాను. గంట తర్వాత తలుపు తీస్తే ఆ బట్టలు ఆరి, మడతలు పెట్టి, సంచీలో గుమ్మానికి తగిలించి ఉన్నాయి. అందులోనూ నాకు కపటమే కనిపించింది. తప్పు కప్పిపుచ్చుకోవడానికి చేసిన పని అనుకున్నాను. ఆ తర్వాత ఆవిడ లిఫ్ట్ దగ్గర ఎదురైతే మెట్లెక్కి పోయేదాన్ని.

రైల్లో మాత్రం నా వెతుకులాట ఆగలేదు. చెల్లెలి మీద దాడి గురించి ఎక్కడైనా వార్త వచ్చిందేమోనని రోజూ చూసేదాన్ని. ఎక్కడా రాలేదు. కంప్లైంట్ ఇవ్వకపోతే వార్త ఎలా వస్తుందని బుర్ర చెబుతూనే ఉన్నా, కావాలనే తొక్కిపెట్టారని మనసు అనేది. గురువారం ఆ శనివారం తేదీ దాకా వెనక్కి వెళ్లి, ఒక్కొక్క వార్తా తెరిచి చూశాను. వాటి మధ్య నాలుగు వాక్యాల చిన్న ముక్క ఒకటి దొరికింది. పట్టాల పని వల్ల శని ఆదివారాలు ఫలానా లైన్‌లో ట్రామ్‌లు ఉండవు, వాటి బదులు బస్సులు తిరుగుతాయి.

అది చెల్లెలి ఇంటి లైన్.

అది నేను అంతకు ముందే చదివాను. చదివి మరిచిపోయిన వార్త. మూడుసార్లు మళ్లీ చదివాను. ట్రామ్ అన్నది అలవాటు కొద్దీ అన్న మాటేమోలే అని సర్దిచెప్పుకున్నాను. కానీ అతను ట్రామ్ అన్న ఒక్క మాటతో ఆగలేదు. ట్రామ్ తలుపులు మూసుకునే ముందు ఆ నలుగురూ గబగబా దిగారన్నాడు. ప్లాట్‌ఫామ్ మీద టికెట్ మెషీన్ పక్కన పడిందన్నాడు. చూసినట్టే చెప్పాడు. అతను అక్కడ లేడు కదా, అంత వివరంగా ఎలా చెప్పాడు?

ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయనతో ఈ సంగతి అన్నాను.

"వాళ్లు దెబ్బతిని బాధలో ఉంటే నువ్వు సీఐడీ పని చేస్తున్నావా?" అన్నారు. "వాడలాంటోడు కాదు. ముందు ఆ న్యూస్ చదవడం మానెయ్."

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూనే, "నీ డౌట్ క్లియర్ చేశాను" అన్నారు. "ట్రామ్ కాదట. దాని బదులు వేసిన బస్సట. టెన్షన్‌లో ట్రామ్ అన్నాడట."

"క్లియర్ చేశానంటే? ఎవర్నడిగారు?"

"వాణ్నే. సరదాగానే అడిగాలే. మా ఆవిడ అమెరికాలో కూర్చుని మీ ట్రామ్ టైమింగ్స్ చెక్ చేస్తోందిరా అన్నా. నవ్వాడు."

నేను అనుమానపడ్డానని అతనికి తెలిసిపోయింది. అతను ఉన్నది చెల్లెలి పక్కన. నేనున్నది సముద్రానికి ఇవతల. మా ఆయన చేసింది తెలియకే అని తెలుసు. అయినా ఆ రాత్రంతా ఆయన మీదా అనుమానమే. మగవాళ్లంతా ఒకటేనేమో అనుకున్నాను. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆయన మీద అలాంటి ఆలోచన రావడం అదే మొదలు.

ఆదివారం మరిదే ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలయ్యాక అదే మెత్తటి గొంతుతో, "వదిన గారూ, ఇంకేమైనా డౌట్లుంటే నన్నే అడగండి. తనను ఇబ్బంది పెట్టొద్దు. రెస్ట్ కావాలి" అన్నాడు.

"కొత్త ఫోన్ కొన్నారా తనకి?"

"ఇప్పుడేం అర్జెంట్ లేదు కదండీ. నా ఫోన్ ఉందిగా."

సోమవారం నుంచి చెల్లెలు కట్టుతోనే ల్యాబ్‌కి వెళ్తుందని మాటల్లో అతనే అన్నాడు. నేను ఆ ఒక్క ముక్కా పట్టుకున్నాను. మంగళవారం పొద్దున ఏడున్నరకి రైలు ప్లాట్‌ఫామ్ చివర నిలబడి, ఆ ల్యాబ్ రిసెప్షన్ నంబర్‌కి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. భోజనాల వేళ. ఇంటి నుంచి అర్జెంట్ ఫోన్ అని చెప్పి చెల్లెలి పేరు చెప్పాను. నా ముందు నుంచి రెండు రైళ్లు వెళ్లిపోయాయి.

"హలో?"

"నేనే."

"అక్కా? ఇక్కడికెందుకు చేశావ్? అమ్మకేమైనా..."

"అమ్మ బానే ఉంది. నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. మీటింగ్ రూమ్‌లోకొచ్చా."

"ఆ శనివారం మీ లైన్‌లో ట్రామ్ నడవలేదే."

ఆ వైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది.

"ఆ రోజు నన్ను ఏ కుర్రాళ్లూ ఏం చెయ్యలేదక్కా" అంది. "ల్యాబ్‌లో ఒకమ్మాయికి ఫేర్‌వెల్ డిన్నర్. వెళ్తానన్నాను. వద్దన్నాడు. నేను చెప్పులేసుకుని తలుపు తీశాను. నా చెయ్యి తలుపు మధ్యలో ఉండగా తలుపేశాడు."

"ఇదే మొదటిసారా?"

"చెయ్యి విరగడం మొదటిసారి."

నేను ప్లాట్‌ఫామ్ మీదే గోడకానుకుని కూర్చుండిపోయాను. ఎవరో ఆగి, బాగానే ఉన్నారా అని అడిగారు. తల ఊపాను.

తర్వాత తనే చెప్పుకుపోయింది, అంతవరకు బిగబట్టి ఉంచిందంతా. హాస్పిటల్లో నర్సే ముందుగా అడిగిందట, వీధిలో పిల్లలు కొట్టారా అని. ఆ వారం నిజంగానే అలా దెబ్బలు తిన్నవాళ్లు వచ్చారట. చెల్లెలు నోరు తెరిచేలోపే అతను అవునన్నాడట. ఇంటికొచ్చేసరికి అతని దగ్గర కథ మొత్తం తయారుగా ఉంది.

"ఎదురింట్లో ఒక పెద్దాయన ఉంటాడక్కా. యాపిల్ కేక్ చేయించుకుని, కార్డు రాసి పట్టుకొచ్చాడు. 'మా వీధి అంతా నీ ముందు సిగ్గుతో తలదించుకుంటోంది' అని రాశాడు. నా ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఆయన చెయ్యని తప్పుకి ఆయన సారీ చెబుతుంటే, చేసినవాడు నా పక్కన నిలబడి థాంక్యూ అంటున్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఎలా చెప్పను? నువ్వు గ్రూప్‌లో పెట్టేశావుగా. ఆదివారం సాయంత్రానికే ఊరంతా తెలిసిపోయింది. ఇప్పుడు నేను అబద్ధమంటే, నిజంగా దెబ్బలు తిన్నవాళ్లను ఎవరు నమ్ముతారక్కా? మా ల్యాబ్‌లో ఒకతను ఉన్నాడు. అతన్ని నిజంగానే కొట్టారు. ఆరు కుట్లు పడ్డాయి. నన్ను చూసి, మనిద్దరం ఒకటే అంటాడు."

అతను అల్లిన కథకి ఊరంతటి సాక్ష్యం తెచ్చిపెట్టింది నేనే.

వెంటనే డబ్లిన్‌కి టికెట్ బుక్ చెయ్యాలనుకున్నాను. కానీ నా హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు దేశం దాటితే తిరిగి రావడం గ్యారంటీ లేదని లాయర్ చెప్పేశాడు. పైగా ఐర్లండ్ వీసా రావాలంటే వారాలు పడుతుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాగ్ కూడా దించకుండా మా అంతస్తు చివరి తలుపు కొట్టాను.

ఆవిడ తలుపు తీసి, నా మొహం చూసి, ఏమీ అడగకుండా స్టవ్ వెలిగించింది.

"మీరన్నదే నిజం" అన్నాను. "మీతో అలా మాట్లాడినందుకు..."

"ఆ మాటలు తర్వాత. అమ్మాయి ఇప్పుడెక్కడుంది?"

"ఇంకా ఆ ఇంట్లోనే."

ఆవిడ టీ కప్పు నా ముందు పెట్టి కూర్చుంది. "నా చిన్నప్పుడు మా ఎదురింటావిడ ఉండేది. ఆవిడకు దెబ్బ తగిలినప్పుడల్లా మెట్ల మీంచి పడిందనేవారు. మూడుసార్లు పడింది. ఆ ఇంట్లో మెట్లే లేవు. అది వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు" అంది.

ఆవిడ ఎదురింటావిడ అనే అంది. కానీ చెబుతున్నంతసేపూ టేబుల్ అంచుని బొటనవేలితో రుద్దుతూనే ఉంది. అది ఎదురిల్లేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే. అడగలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకి సెలవు పెట్టి ఆవిడ వంటింట్లో కూర్చున్నాను. అక్కడి ఆడవాళ్ల కోసం నడిచే ఒక హెల్ప్‌లైన్ నంబరు ఆవిడే ఎవరినో అడిగి సంపాదించింది. ఫోన్ ఎత్తినామె చాలా నిదానంగా ప్రశ్నలడిగింది. మీ చెల్లెలికి సొంత ఫోన్ ఉందా? పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది? ఆయన రోజంతా ఇంట్లోనే ఉంటాడా? వెళ్లిపోవాలన్న నిర్ణయం మీదా, తనదా? ఆ చివరి ప్రశ్నకి నేను తడబడ్డాను. "ఆ నిర్ణయం తననే చెయ్యనివ్వండి. మీరు తొందరపెట్టొద్దు. తనే మాకు ఫోన్ చేస్తే మంచిది" అందామె.

ఆ నంబరు చెల్లెలికి ఇచ్చాను. తను ఐదు రోజులు ఆలోచించి చేసింది. అప్పటికి వాళ్ల షెల్టర్లలో ఎక్కడా ఖాళీ లేదు. ఆ నగరంలో గది దొరకడం ఎంత కష్టమో నేనే ఏళ్లుగా చదువుతున్నాను. వీధి మలుపు దాకా నిలబడిన ఆ జనం వరసలు. చదివేటప్పుడు అయ్యో పాపం అనుకునేదాన్ని. ఒక ఆడమనిషి కొట్టే మొగుడితో అదే ఇంట్లో ఉండిపోవడానికి ఆ వరసే కారణమవుతుందని ఎప్పుడూ తట్టలేదు.

అలా మూడు వారాలు గడిచాయి. రోజూ ఏడున్నరకి నేను ప్లాట్‌ఫామ్ చివర నిలబడి ల్యాబ్‌కి ఫోన్ చేసేదాన్ని. చెల్లెలు ఒక్కొక్కటిగా పాస్‌పోర్ట్, సర్టిఫికెట్లు, అమ్మ పెట్టిన గొలుసు ల్యాబ్ లాకర్‌లోకి చేర్చింది. ఇంట్లో మామూలుగానే ఉండేది. ఆదివారాలు ముగ్గురం నటించేవాళ్లం. అతను నవ్వుతూ మాట్లాడేవాడు, తను నవ్వేది, నేను నవ్వేదాన్ని.

రెండో ఆదివారం అతను ఉన్నట్టుండి అన్నాడు. "వదిన గారూ, ఈ మధ్య పొద్దున పూట మీ ఫోన్ బిజీ వస్తోందండీ. ఏడున్నర అప్పుడు."

"ఆఫీస్ కాల్స్" అన్నాను.

"అంత పొద్దున్నేనా?"

"ఇండియా టీమ్‌తో."

"ఓ" అన్నాడు. ఆ ఒక్క అక్షరాన్ని ఎన్నిరకాలుగా విప్పి చూసుకున్నానో. అతనికి తెలుసా? తెలిసే అన్నాడా? అసలు అంత పొద్దున నాకెందుకు ఫోన్ చేశాడు? ఆ మర్నాటి నుంచి బయల్దేరే ముందు ఇంట్లోనే మా ఆయన ఫోన్‌తో చెయ్యడం మొదలుపెట్టాను. ఎందుకని ఆయన అడిగితే అప్పుడు చెప్పేశాను, మొత్తం. "నేను వాడితో ట్రామ్ సంగతి అనకుండా ఉండాల్సింది" అని మాత్రం అన్నారు. ఆయన మొహం నిజంగానే పాలిపోయింది. నాకు ఆయన మీద అనుమానం పోయింది. అనుమానపడ్డ సంగతి మాత్రం ఆయనతో అనలేదు.

చివరికి గది దొరికింది. ల్యాబ్‌లో పనిచేసే ఒక పోలండ్ ఆవిడ, తన ఇంట్లో సామాన్లు పెట్టుకునే చిన్న గది ఖాళీ చేసి మంచం వేసింది. ఒక బుధవారం చెల్లెలు ల్యాబ్ నుంచి సరాసరి అక్కడికే వెళ్లిపోయింది. ఆ సాయంత్రం హెల్ప్‌లైన్ వాళ్ల మనిషి తోడు రాగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, తలుపు సంగతి చెప్పింది. "స్టేషన్‌లో ఆఫీసర్ ఒక్కటే అడిగిందక్కా. హాస్పిటల్ కాగితంలో వేరేలా ఉంది కదా అని. నిజం చెప్పాను. రాసుకుంది. కోప్పడలేదు" అంది ఫోన్లో. ఆ రోజు తన గొంతు ఎవరో రాసిచ్చింది చదివినట్టు లేదు.

తర్వాత మరిది ఊరుకోలేదు. రెండు కుటుంబాల్లో అందరికీ ఫోన్లు చేశాడు. అమెరికాలో కూర్చుని వదినే మా కాపురం కూల్చిందన్నాడు. అమ్మ మొదట అతన్నే నమ్మింది. "అంత మంచి పిల్లాడే, మీరిద్దరూ ఏదో పొరబడుతున్నారు" అంది. చెల్లెలు వీడియోలో చెయ్యి చూపించి, తలుపు సంగతి తనే చెప్పాక ఇంకేమీ అనలేదు. కొన్ని నెలలకి, అతను చెల్లెలి దరిదాపులకు రాకూడదని కోర్టు ఆర్డరిచ్చింది. అతను వేరే ఊరికి మారిపోయాడని విన్నాం. నిజంగా మారాడో లేదో నాకు నమ్మకం లేదు.

గ్రూప్‌లో నేను పెట్టిన మెసేజ్ మిగిలిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక నేను నలిగిపోతుంటే చెల్లెలే రాసింది. "ఆ శనివారం నన్ను వీధిలో ఎవరూ కొట్టలేదు. ఇంట్లో జరిగింది. వీధిలో దెబ్బలు తింటున్నవాళ్లు చెప్పేది మాత్రం నిజం. దయచేసి వాళ్లను అనుమానించకండి." అంతే. కొందరు నిందించారు. మన పరువు తీశావన్నారొకరు. సంతకాలు సేకరించినాయన గ్రూప్ వదిలి వెళ్లిపోయాడు. ఆ వారంలో ఇద్దరు ఆడవాళ్లు విడిగా మెసేజ్ పెట్టి, హెల్ప్‌లైన్ నంబరు అడిగారట. ఎదురింటి పెద్దాయనకి కూడా చెల్లెలు ఉత్తరం రాసింది. ఆయన జవాబు రాశాడు గాని, ఏం రాశాడో తను నాకు చెప్పలేదు.

ఇది ఆ తర్వాత చలికాలంలో జరిగిన సంగతి. గ్రూప్‌లో ఒక కుర్రాడు ఫొటో పెట్టాడు. చదువుకుంటూ సాయంత్రాలు సైకిల్ మీద భోజనాలు డెలివరీ చేస్తాడు. కన్ను వాచిపోయి మూసుకుపోయింది. వంతెన దగ్గర ముగ్గురు కొట్టారని రాశాడు. రైల్లో అది చూడగానే నా మనసులో వచ్చిన మొదటి మాట, ఇతనితో పాటు గదిలో ఎవరెవరుంటారో అని. రెండో పని, ఆ వంతెన పేరు, ఆ రోజు వార్తలు వెతకడం. వేలు ఫోన్ మీద ఉండగానే సిగ్గనిపించింది. అయినా వెతికాను.

చెల్లెలికి ఫోన్ చేసి, "ఆ కుర్రాడి సంగతి నిజమేనా?" అన్నాను.

"ఇప్పుడు వాడితోనే ఉన్నానక్కా. పోలీస్ స్టేషన్‌లో" అంది. "ఒక్కడే రావడానికి భయపడ్డాడు. కంప్లైంట్ రాస్తున్నారు. వాళ్లడిగేది వీడికి సరిగ్గా వినబడట్లేదు, చెవి మీద కూడా కొట్టారు. నేను పక్కన కూర్చుని మళ్లీ చెబుతున్నా. తర్వాత చేస్తా, సరేనా?"

వెనక ఎవరో అధికారిక గొంతుతో వాడి పుట్టిన తేదీ అడుగుతున్నారు. చెల్లెలు అదే ప్రశ్న తెలుగులో, గట్టిగా, నిదానంగా వాడికి చెప్పడం వినిపించింది.